మణుగూరు ఎండలో గేమింగ్ కంప్యూటర్

ఏటా దసరాకు ముందు సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ఖాతాల్లో పడుతుంది. 2024లో ఆ వాటా 33 శాతం. మణుగూరులో ఆ డబ్బుతో బంగారం కొనేవాళ్లుంటారు, బండి మార్చేవాళ్లుంటారు, పిల్లాడు ఏళ్లుగా అడుగుతున్న గేమింగ్ కంప్యూటర్ కొనిచ్చేవాళ్లూ ఉంటారు. రాత్రి మణుగూరులో రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. అక్కణ్నుంచి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎంతో దూరం లేదు. కంప్యూటర్ విడిభాగాలకు రాష్ట్రంలో పేరున్న బజారు అదే. షాపులో అడుగుపెట్టగానే ప్రాసెసర్ గురించి అందరూ అడిగేది ఐ5 మంచిదా, ఐ7 మంచిదా, రైజెన్ మంచిదా అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మే నెల మధ్యాహ్నం ఆ కంప్యూటర్ ఉండే గదిలో ఎన్ని డిగ్రీల వేడి ఉంటుంది?

యూట్యూబ్‌లో మనం చూసే పరీక్షలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీలుండే గదుల్లో చేసినవి. మనకు మే నెలలో బయట 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఏసీ లేని ఇంట్లో 38, 40 ఉంటుంది. ఈ తేడా నేరుగా చిప్ మీద పడుతుంది. ఎందుకంటే ప్రాసెసర్ మీద బిగించే ఫ్యాను, లోహపు రెక్కలు గది గాలికన్నా చిప్‌ను చల్లబరచలేవు. గది వేడికి ఎన్ని డిగ్రీల పైన దాన్ని ఆపగలవన్నదే వాటి సత్తా. లెక్క వేసి చూద్దాం. ఒక్కో వాటుకు అర డిగ్రీ చొప్పున వేడి పెరగనిచ్చే మామూలు కూలర్ అనుకోండి. ప్రాసెసర్ 88 వాట్లు తీసుకుంటే చిప్ గదికన్నా 44 డిగ్రీలు పైన ఉంటుంది. 22 డిగ్రీల గదిలో అది 66. మన 40 డిగ్రీల గదిలో 84. అదే కూలర్ కింద 117 వాట్ల ప్రాసెసర్ పెడితే 98 దాటుతుంది. ఇంటెల్ చిప్‌లకు హద్దు సాధారణంగా 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరుసకు 95. ఆ గీత దగ్గరికి రాగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సరిగ్గా ఆట ఊపులో ఉన్నప్పుడే ఫ్రేములు పడిపోతాయి. డబ్బు పోసి కొన్న వేగం ఎండాకాలమంతా వాడకంలోకి రాదు.

పెట్టె మీద రాసిన వాట్లను నమ్మి ఊరుకోకూడదు. రైజెన్ 5 7600 పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది, నిజానికి 88 వరకూ తీసుకునేలా దాన్ని తయారుచేశారు. కోర్ ఐ5-12400ఎఫ్ కూడా 65 అనే చెబుతుంది, దాని గరిష్ఠం 117. కోర్ ఐ9-14900కె అయితే 125 నుంచి 253 దాకా పోతుంది. ఇంత తేడాకు కారణం వోల్టేజీ. చిప్ తినే విద్యుత్తు వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం మార్చకుండా వోల్టేజీని 1.35 నుంచి 1.2కి దించితే ఆ ఖర్చులో ఐదో వంతు తగ్గిపోతుంది. చివరి నాలుగైదు శాతం వేగం కోసం కంపెనీలు వోల్టేజీ పెంచుతాయి, దానికి మూల్యం వేడి. పైగా సిలికాన్ వేడెక్కేకొద్దీ ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు ఎక్కువగా లీకవుతుంది. ఆ లీకు మళ్లీ వేడే.

ఎక్కువ వోల్టేజీ చిప్‌ను అరగదీస్తుంది కూడా. ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఆటల మధ్యలో ఆగిపోతున్నాయన్న సంగతి 2024లో పెద్ద వార్తయింది. అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతుండటమే మూలమని తేలింది. కంపెనీ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేదు. ఆ వరుసలో సెకండ్‌హ్యాండ్ సరుకు చవగ్గా దొరికితే ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఆటలో ప్రాసెసర్ పని ఎంత? తెర మీద ప్రతి ఫ్రేమ్‌కూ రెండు పనులుంటాయి. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, తలుపు తెరుచుకుందా అనేది ప్రాసెసర్ తేలుస్తుంది. ఆ దృశ్యాన్ని రంగులతో, నీడలతో గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే రెండూ తమ పనిని 16.7 మిల్లీసెకన్లలో ముగించాలి. 144 హెర్ట్జ్ మానిటర్‌కైతే 6.9 మిల్లీసెకన్లే. ఓపెన్‌కాస్ట్ గనిలో షావెల్ ఎంత పెద్దదైనా డంపర్లు చాలకపోతే బొగ్గు పైకి రాదు, డంపర్లు ఎన్నున్నా షావెల్ చిన్నదైతే అవి వరుసలో నిలబడాల్సిందే. ఇక్కడా అంతే. 1920 అడ్డం, 1080 నిలువు మానిటర్‌లో దాదాపు 20 లక్షల 70 వేల చుక్కలుంటాయి, 4కె తెరలో దానికి నాలుగింతలు. చుక్కలు పెరిగితే భారం కార్డు మీద పడుతుంది, ప్రాసెసర్ పని పెద్దగా మారదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి గీయడానికి తేలిక, వాటిలో ఫ్రేములు ఎన్నొస్తాయో ప్రాసెసరే తేలుస్తుంది. పెద్ద కథల ఆటల్లో బరువంతా కార్డుది. అందుకే పిల్లలు ఏ ఆటలు ఆడతారో, మానిటర్ ఏదో తెలియకుండా ప్రాసెసర్ ఎంచుకోవడం కుదరదు.

ప్రాసెసర్లో కోర్ల సంఖ్యకన్నా క్యాష్, అంటే చిప్ తన దగ్గరే ఉంచుకునే చిన్న మెమరీ, సంగతి మీదే నాకు ఎక్కువ ఆసక్తి. సెకనుకు 500 కోట్ల టిక్కులు వేసే చిప్‌కు ఒక టిక్కంటే 0.2 నానోసెకన్లు. ర్యామ్ నుంచి ఒక సంగతి అడిగి తెప్పించుకోవడానికి 70, 80 నానోసెకన్లు పడుతుంది. అంటే 350కి పైగా టిక్కులు ఆ కోర్ ఊరికే కూర్చోవాలి. చిప్‌లోనే ఉండే మూడో అంచె క్యాష్‌లో ఆ సంగతి దొరికితే పది నానోసెకన్ల చుట్టుపక్కల పని అయిపోతుంది. ఆటల్లో ఇలాంటి వెతుకులాట చాలా ఎక్కువ. రైజెన్ తయారుచేసే ఏఎండీ 2022లో 5800ఎక్స్3డీ తెచ్చినప్పుడు క్యాష్ ముక్కను చిప్ మీద ఇంకో అంతస్తులా అతికించి 32 మెగాబైట్లను 96 చేసింది. ఆటల్లో వేగం బాగా పెరిగింది. అయితే పై అంతస్తు కింది కోర్ల వేడికి అడ్డమైంది. ఆ తర్వాతి 7800ఎక్స్3డీలోనూ అదే ఇబ్బంది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు. ఇప్పుడు కోర్లు పైమూతకు దగ్గరగా ఉండి వేడిని తేలిగ్గా వదిలేస్తాయి. ఇంజనీరింగ్‌లో ఇంత అందమైన సవరణ అరుదు. ధర మాత్రం మామూలు ఇంటికి అందనిది.

మణుగూరు ఇంట్లో 1080 తెర ముందు ఆడే పిల్లలకు నా ఓటు రైజెన్ 5 7600కి. డబ్బు తక్కువైతే పాత తరం రైజెన్ 5 5600 లేదా ఐ5-12400ఎఫ్. అన్నీ ఆరు కోర్లవే. 7600లో ఒక లాభముంది. అందులో చిన్న గ్రాఫిక్స్ భాగం ఇమిడి ఉంది. గ్రాఫిక్స్ కార్డు చెడి వారంటీకి హైదరాబాద్ పంపిన రోజుల్లో కూడా తెర వెలుగుతుంది, చదువు ఆగదు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్‌లకు ఆ సౌకర్యం లేదు. కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3060 170 వాట్లు తీసుకునేది, తర్వాతి తరం 4060 ట్రాన్సిస్టర్లు చిన్నవై 115తో సరిపెట్టుకుంది, 2025లో వచ్చిన 5060 మళ్లీ 145కి పోయింది. చివరి రెంటికీ 8 గిగాబైట్ల మెమరీయే కాబట్టి కొత్త ఆటల్లో టెక్స్‌చర్లను అత్యధికానికి పెట్టకూడదు. ర్యామ్ ఒకే 16 గిగాబైట్ల పుల్లకు బదులు 8 చొప్పున రెండు కొనాలి, అప్పుడు రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి, బడ్జెట్‌లో దానికి కాస్త ఎక్కువే పెట్టుకోండి.

ఇలా కూర్చిన కంప్యూటర్ ఆట మధ్యలో సుమారు 260 వాట్లు తీసుకుంటుంది. నాలుగు గంటలు ఆడితే ఒక యూనిట్. ఆ విద్యుత్తు అంతా చివరికి వేడిగా మారి అదే గదిలోకి వస్తుంది.

షాపులో అందరూ బేరమాడి తగ్గించేది ఎస్ఎంపీఎస్ దగ్గర, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే భాగం దగ్గర. నా లెక్కలో తగ్గించకూడనిది అదొక్కటే. మన పక్కనే 270 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లతో 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది, మనకు వోల్టేజీ బాధేంటని కొందరంటారు. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద లైన్లెక్కి గ్రిడ్‌లోకి పోతుంది. ఇంటికి వచ్చేది సబ్‌స్టేషన్, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి. రాత్రి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయితే లైను చివరి ఇంట్లో వోల్టేజీ దిగుతుంది. అందుకే 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే, 80 ప్లస్ ముద్ర ఉన్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్ కొనండి. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా అని కూడా అడగండి. పది డిగ్రీలు చల్లగా ఉంటే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. ఎండ మన ఊళ్లో చవక ఎస్ఎంపీఎస్‌ను ముందుగా కాటేసేది ఇక్కడే. కరెంటు పోయినప్పుడు మంచి ఎస్ఎంపీఎస్ సుమారు 16 మిల్లీసెకన్లు ఊపిరి బిగబట్టగలదు. యూపీఎస్ 10 లోపే అందుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఆలస్యం చేస్తుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, వెతికి వేయండి.

దుమ్ము సంగతి బొగ్గు లారీలు తిరిగే ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పీవీ కాలనీ క్వార్టరైనా, మెయిన్ రోడ్డు ఇల్లయినా తుడిచిన బల్ల సాయంత్రానికి నల్లబడుతుంది. క్యాబినెట్‌లో గాలి లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికన్నా ఎక్కువుండాలి. అప్పుడు లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువై, సందుల్లోంచి దుమ్ము దూరదు, జాలీ ఉన్న దారినే గాలి వస్తుంది. ఆ జాలీని నెలనెలా కడిగి ఆరబెట్టాలి. గది కూలర్ తడిగాలి నేరుగా తగిలేచోట కంప్యూటర్ పెట్టకండి. తేమ పట్టిన దుమ్ము మదర్‌బోర్డు మీద కరెంటుకు దొంగదారి అవుతుంది.

కొన్ని ఇళ్లల్లో క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు రెండు వైర్ల నుంచి చాలా చిన్న కరెంటును ఎర్త్ పిన్నుకు పంపుతాయి. ఆ పిన్ను భూమికి కలవకపోతే ఇనుప పెట్టె 115 వోల్టుల దరిదాపుల్లో తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పమే అయినా, ఎస్ఎంపీఎస్ ఎప్పుడైనా లోపల షార్ట్ అయితే పెట్టెలోకి వచ్చిన కరెంటుకు భూమిలోకి దారి ఉండదు, ఫ్యూజు పోదు, ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. కంప్యూటర్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. లేకపోతే ముందు అది వేయించండి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి.