మీసాల ప్రాసిక్యూటర్... కుర్రాళ్ల సైన్యం!

2023 జనవరి. గోల్డెన్ గ్లోబ్ వేదిక మీద 'నాటు నాటు'కి అవార్డు రాగానే మనవాళ్లంతా గంతులేశారు. అదే రాత్రి 'ఆర్ఆర్ఆర్' ఆంగ్లేతర చిత్రాల విభాగంలోనూ పోటీపడింది. అక్కడ దాన్ని ఓడించింది 'అర్జెంటీనా, 1985'. శాంటియాగో మిత్రే తీసిన ఈ సినిమాలో ఫైట్లు లేవు. ఉన్నదల్లా ఓ కోర్టు, రికార్డో డారిన్ పోషించిన ఓ మీసాల ప్రాసిక్యూటర్!

కథ నిజంగా జరిగిందే. 1976 నుంచి 1983 దాకా అర్జెంటీనాని ఏలిన సైనిక పాలకులు వేలమందిని ఎత్తుకెళ్లి చిత్రహింసలు పెట్టి చంపారు. చాలామంది శవాలు కూడా దొరకలేదు. ఆ పెద్దతలకాయలు తొమ్మిదింటినీ బోనెక్కించే బాధ్యత హూలియో స్ట్రసేరా మీద పడింది. సినిమాలో పేరున్న లాయర్లంతా మొహం చాటేస్తారు. ఆయనా, సహాయకుడు మొరెనో ఒకాంపో కలిసి కుర్రాళ్లను పోగేస్తారు. వాళ్లు ఊరూరా తిరిగి 700కు పైగా కేసులు సిద్ధం చేస్తారు. బెదిరింపు ఫోన్లు మామూలే.

ఒక సాక్ష్యం వింటుంటే మాత్రం ఊపిరాడదు. నిండుగర్భిణి... కళ్లకు గంతలు, చేతులకు బేడీలు. పోలీసు కారులోనే ప్రసవం. పుట్టిన బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోనివ్వరు. ఒకాంపో తల్లికి సైన్యమంటే మహా అభిమానం, కొడుకు పనంటే గిట్టదు. అలాంటావిడే ఈ సాక్ష్యం సంగతి తెలిశాక ఫోన్ చేసి 'నువ్వు చేస్తున్నదే సరైంది' అంటుంది. తీర్పుకన్నా ఈ సీనే వెంటాడుతుంది.

1985 డిసెంబరు 9న విదేలా, మసేరాలకు యావజ్జీవం పడింది. ముగ్గురికి తక్కువ శిక్షలు, నలుగురు నిర్దోషులు. 1990లో అధ్యక్షుడు మెనెం క్షమాభిక్ష పెట్టి విదేలాని వదిలేశాడు. తర్వాత ఆ క్షమాభిక్ష రద్దయింది. 2013లో విదేలా జైల్లోనే పోయాడు. అప్పటికి స్ట్రసేరా ఇంకా బతికే ఉన్నారు.