తొమ్మిదితో మొదలయ్యే పిన్‌కోడ్

తెనాలి పిన్‌కోడ్ 522201. బాపట్లది 522101, రేపల్లెది 522265. అన్నీ అయిదుతోనే మొదలు. మరి తొమ్మిదితో మొదలయ్యే పిన్ ఏ ఊరిది? ఏ ఊరిదీ కాదు, అది సైన్యం తపాలాది. నంబరు, హోదా, పేరు, యూనిట్ రాసి, కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అనో వేసి (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) ఆ పిన్ రాస్తే చాలు. ఊరు, జిల్లా, రాష్ట్రం ఏవీ ఉండవు. కొడుకు మంచుకొండల్లో ఉన్నాడో ఎడారిలో ఉన్నాడో కవరు చూసి పోస్ట్‌మాన్ కూడా చెప్పలేడు. రాఖీలైనా సంక్రాంతి అరిసెల పార్సిలైనా వెళ్ళేది ఇలాగే. జవానుకు ఇంటి నుంచి అందే సాయంలో పాతవాటిలో ఇదొకటి.

సరిహద్దు దాటినవాళ్ళ కోసం స్టాంపులే వేరుగా వచ్చాయి. 1953లో కొరియాకు వెళ్ళిన మన దళం కోసం మామూలు స్టాంపుల మీద హిందీలో ఆ దళం పేరు అచ్చువేశారు. 1962లో కాంగో వెళ్ళినవాళ్ళకూ, 1965లో గాజాలో ఉన్నవాళ్ళకూ అలాగే అచ్చువేశారు, కాకపోతే ఇంగ్లీషులో. అప్పట్లో ఇంటికొచ్చిన కవర్ల మీది స్టాంపులు చింపి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేసిన వాళ్ళుంటే, ఇప్పుడు స్టాంపులు కూడబెట్టేవాళ్ళ దగ్గర ఆ మాట అనకండి!

స్టాంపుతోనే దేశమంతా చందా వేసిన రోజులూ ఉన్నాయి. 1971లో తూర్పు బెంగాల్ నుంచి సుమారు కోటిమంది కాందిశీకులు తరలివచ్చారు. వాళ్ళ కోసం ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అయిదు పైసలు అదనంగా వేశారు. రేపల్లెలో డబ్బాలో పడ్డ కవరైనా సరే, ఆ అయిదు పైసల స్టాంపు ఉండాల్సిందే. మొదట్లో విడిగా స్టాంపు తయారుకాక, కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ‘కాందిశీకుల సహాయం’ అనే అర్థం వచ్చే మాటలు అచ్చువేసి వదిలారు. చిన్న కుటుంబం బొమ్మ మీద కోటిమంది బరువు! 1973 మార్చి 31 దాకా ఈ పన్ను సాగింది. పెళ్ళి కబురు రాసినా, అప్పు అడుగుతూ రాసినా సరిహద్దు అవతలివాళ్ళ అన్నంలో అందరిదీ ఓ మెతుకు పడింది.

ఆ కాందిశీకుల రాకకు ఆరేళ్ళ ముందు, 1965 యుద్ధ సమయంలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని అడిగారు. హోటళ్ళు సైతం ఆ పూట మూతపడ్డాయి. తిండిగింజలకు అమెరికా మీద ఆధారపడ్డ కాలం అది, ఆ పస్తు ఉత్త లాంఛనం కాదు.

ఆ ఏడాది గురించే ఇంకో కథ వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది: నిజాం అయిదువేల కిలోల బంగారం దేశానికి దానమిచ్చేశాడని. జరిగింది వేరు. ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోలు పెట్టాడు. దానికి ఆరున్నర శాతం వడ్డీ కూడా ఉంది. అదీ చిన్న సంగతేం కాదు, కానీ దానం వేరు, డిపాజిట్ వేరు.

యుద్ధ నిధి అన్నప్పుడల్లా జనం మనస్ఫూర్తిగానే ఇచ్చారనుకోవడం కూడా పొరపాటే. మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ చందాలతో ‘మద్రాస్’ అనే ఆసుపత్రి ఓడ నడిచింది. గుంటూరు జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే. రెండో యుద్ధానికి బ్రిటన్ వైమానిక దళంలో 79, 234, 264 స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరు తగిలించారు, డబ్బు ఇక్కడిది కనుక. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1940లో, ఈ యుద్ధానికి మనిషినీ ఇవ్వొద్దు, పైసా ఇవ్వొద్దు అంటూ వ్యక్తి సత్యాగ్రహులు జైళ్ళకు వెళ్ళారు. క్విట్ ఇండియా ఉద్యమంలో, 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. రణరంగ్ చౌక్ వాళ్ళ గుర్తే. ఎవరి యుద్ధం, ఎవరి డబ్బు అన్న లెక్క మనవాళ్ళు బాగానే వేసుకున్నారు.

బాపట్ల వాళ్ళకు సైన్యం పొరుగింటి సంగతి. సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. 2020 చివర్లో అక్కడ ఆకాశ్, ఇగ్లా క్షిపణులు పేల్చి చూశారు. అటు అద్దంకి వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల రన్‌వే ఉంది, 2024 మార్చిలో వైమానిక దళ రవాణా విమానాలు దిగి చూసుకున్నాయి. విమానం వచ్చిన పూట లారీలూ కార్లూ పక్కదారి పట్టాలి. హారన్ కొట్టకుండా ఆగడం కూడా దేశసేవేనేమో!

దేశం దాటి చూస్తే, పరదేశాల పునర్నిర్మాణంలో మన చెయ్యి చాలాచోట్ల ఉంది. లెబనాన్‌లో మన శాంతి దళం వెంట పశువైద్యులు కూడా వెళ్ళి, అక్కడి రైతుల ఆవులకూ మేకలకూ వైద్యం చేశారు. నేపాల్ భూకంపం తర్వాత గోర్ఖా, నువాకోట్ జిల్లాల్లో యాభైవేల ఇళ్ళకు భారత్ సాయం అందింది. అఫ్ఘాన్ బడిపిల్లలకు మన గోధుమతో చేసిన బలమిచ్చే బిస్కెట్లు వెళ్ళాయి. ఆ దేశపు యువకులు ఉస్మానియాలో స్కాలర్‌షిప్‌లతో చదివారు. వాళ్ళకు గది అద్దెకిచ్చి, ఎండాకాలం తంటాలు ఎలా పడాలో నేర్పిన ఇంటి యజమానులను ఈ లెక్కలో ఎవరూ రాయలేదు. రాయాల్సింది.

ఇక సైనికులకు సాయపడే ఇప్పటి దారులు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచీ ఉంది. చొక్కాకు గుచ్చే ఆ కాగితపు జెండాలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం మూడు దళాలకు గుర్తు. ఆ రోజు చందా డబ్బాలో వేసింది ఎటు పోతుందంటే, పెన్షన్ లేని, 65 ఏళ్ళు దాటిన పేద మాజీ సైనికులకు నెలసరి సాయంగా ఇచ్చేది ఈ నిధి నుంచే. నాలుగువేలుగా ఉన్న ఆ మొత్తాన్ని 2025లో ఎనిమిదివేలు చేశారు. డబ్బాలో పిల్లలు గలగలలాడించే చిల్లరను చులకన చేయకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నేరుగా కట్టి రసీదూ తీసుకోవచ్చు, పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు మినహాయింపు ఉంది.

ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ ‘సైన్యం ఆయుధాలకు రోజుకో రూపాయి’ అంటూ ఖాతా నంబర్లు ఫోన్లలో తిరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో అలాంటి సందేశం తప్పుదారి పట్టించేదని రక్షణ శాఖే చెప్పాల్సి వచ్చింది. బలగాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని ప్రభుత్వం మీడియాను కోరిందీ ఆ నెలలోనే. రైల్లో వెళ్తున్న ట్యాంకులకు స్టేటస్ పెట్టేవాళ్ళకూ అది వర్తించాలి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి దళాల అమరుల కుటుంబాలకైతే 2017లో మొదలైన ‘భారత్ కే వీర్’ ఉంది. డబ్బు ఆ కుటుంబం ఖాతాకే చేరుతుంది. ఒక కుటుంబానికి పదిహేను లక్షలు పరిమితి. అది నిండితే, టీవీలో కనబడని ఇంకో ఇంటికి పంపమని ఆ పోర్టలే చెబుతుంది.