రాయి, ఇనుము, రేడియో తరంగం

భిలాయి దగ్గరి గని ఊరు నందినిలో మా పిన్ని వాళ్ల క్వార్టర్‌లో వై-ఫై డబ్బా బీరువాకి ఆనుకుని ఓ మూల ఉండేది. పక్కగదిలోకి వెళ్తే ఫోన్లో వీడియో నిలిచిపోయేది. "ఇంకా పెద్ద డబ్బా కొనమంటావేటి?" అని అడిగాడు బాబాయ్. ఫోన్లో సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి తెరిచి గదులన్నీ తిరిగాను. డబ్బా ఎదురుగా మైనస్ 45. బీరువాకి అవతల, పక్కగదిలో మైనస్ 74. డబ్బాను అక్కణ్నుంచి తీసి గుమ్మం పైన చెక్క అరలో పెట్టాక అదే గదిలో మైనస్ 58. కొత్తది కొనే పని తప్పింది.

ఈ అంకెలను డీబీఎం అంటారు. సున్నా అంటే ఒక మిల్లీవాట్. అక్కణ్నుంచి 10 దిగినప్పుడల్లా శక్తి పదో వంతుకు పడిపోతుంది. 74 నుంచి 58కి రావడమంటే పక్కగదికి చేరే శక్తి 40 రెట్లు పెరగడం. నాలుగడుగులు జరిపినందుకు వచ్చిన లాభం అది. ఇనుప రేకు రేడియో తరంగాన్ని లోపలికి రానివ్వదు, వెనక్కి కొట్టేస్తుంది. ఇంట్లో బీరువా ఒకటే ఉంటుంది. కర్మాగారంలో అయితే గోడా కప్పూ దూలమూ యంత్రమూ అన్నీ బీరువాలే.

నందినికి దగ్గర్లో ఉన్నది అలాంటి కర్మాగారమే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా నుంచి వస్తే, ఆ ఖనిజంలోని మలినాలను చిట్టెంగా విడదీసే సున్నపురాయి నందినిది. భిలాయికి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ ఉక్కు ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో ఇప్పుడు నెట్‌వర్క్ పనుల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. వైర్‌లెస్ విద్య నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు నాకు తోచదు. తరంగానికి ఎదురయ్యే కష్టాలన్నీ ఇక్కడ కంటికి కనిపిస్తాయి.

సిగ్నల్ అందకపోతే పవర్ పెంచుదామనడం అందరూ చేసే మొదటి పొరపాటు. గుడి మైకును తలుచుకోండి. పూజారి గారి గొంతు ఊరంతా వినిపిస్తుంది. ఇంట్లో కూర్చుని మీరు పలికే జవాబు మాత్రం ఆయనకి చేరదు. యాక్సెస్ పాయింటు, అంటే వై-ఫై డబ్బా, మైకు లాంటిది; మీ జేబులో ఫోను మామూలు గొంతు. పవర్ పెంచితే ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం జరగదు. అందుకే తెలిసినవాళ్లు పవర్ తగ్గించి, ఎక్కువ చోట్ల చిన్న యాక్సెస్ పాయింట్లు పెడతారు. మాటలకి అంతరాయం రాకుండా ఉండాలంటే నడిచే దారి పొడుగునా మైనస్ 67 కంటే తగ్గకూడదన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క.

కర్మాగారంలోని ఎత్తైన షెడ్ల కప్పుకి మామూలు యాంటెన్నా వేలాడదీస్తే చాలా శక్తి పక్కలకి పోయి ఇనుప దూలాల్లో చెల్లాచెదురవుతుంది. కిందికి చూసే దిశాత్మక యాంటెన్నా కావాలి. ఇక ప్రతిధ్వనుల సంగతి. ఒకే మాట నాలుగు గోడలకి తగిలి నాలుగు సమయాల్లో చేరితే పాత వై-ఫై కలగాపులగమయ్యేది. ఈ శాపాన్ని వరంగా మార్చినవాళ్లలో మన దేశం మనిషి ఉన్నాడు. భారత నౌకాదళంలో సోనార్ నిర్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లాక, ఒకే ఛానల్‌లో పలు యాంటెన్నాలతో పలు ధారలు పంపవచ్చని చూపారు. 1994లో పేటెంటు వచ్చింది. ప్రతి ధారా వేరే దారిలో గోడలకి తగిలి వస్తుంది కాబట్టే వాటిని విడదీయడం కుదురుతుంది. 2009లో ఖరారైన 802.11ఎన్ ప్రమాణంతో ఆ ఊహ ఇంటింటికీ చేరింది. సముద్రంలో ప్రతిధ్వనులు విన్న మనిషికే ఇది తట్టడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

గనిలో కథ వేరు. మెట్లు మెట్లుగా తవ్విన గుంతలో రాతిగోడ అడ్డం వస్తే అవతల సిగ్నల్ ఉండదు. పైగా ఆ గోడ స్థిరం కాదు, బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా జరుగుతుంది. పోయిన నెల గీసిన మ్యాపు ఈ నెలకి పనికిరాదు. అందుకే ఇలాంటి చోట యాక్సెస్ పాయింటును సౌర పలకతో, పొడుగాటి స్తంభంతో ట్రైలరు మీద ఎక్కించి, తవ్వకంతో పాటు లాక్కుపోతారు. నందినిలో తవ్వేసిన నేలలో కొంత మేర అడవి పెంచుతున్నారు. మంచి పని. రేడియో మనిషి మాత్రం ఆ చెట్లను రెండు కాలాల్లో చూడాలి. ఎండాకాలంలో కొమ్మల సందుల్లోంచి పోయిన తరంగాన్ని, వానలకి చిగిర్చి నీళ్లు నింపుకున్న ఆకులు పీల్చేస్తాయి. మే నెలలో సర్వే చేసి వేసిన లింకు ఆగస్టులో కుంటుపడుతుంది.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గనిలో రాయిని పేల్చే విద్యుత్ డిటోనేటర్ల తీగలు యాంటెన్నాల్లా పనిచేయగలవు. దగ్గర్లో బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంటే వాటిలో కరెంటు పుట్టే ప్రమాదం ఉంది. షాక్ ట్యూబు పద్ధతిలో తీగలుండవు కనుక ఆ భయం బాగా తగ్గింది. అయినా గనిలో స్తంభం నిలబెట్టేముందు బ్లాస్టింగ్ బాధ్యుణ్ని అడిగి తీరాలి.

సిగ్నల్ అందడం వేరు, అందరికీ చాలడం వేరు. ఒక ఛానల్‌లో ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు విని ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఆ రద్దీలోనే మైక్రోవేవ్ ఒవెన్లూ, బ్లూటూత్ పరికరాలూ. 2018లో మన ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక ఊపిరాడింది. మనుషుల సంఖ్యకి ఇంకో రకమైన బరువూ ఉంది: ఒంట్లో నీరు తరంగాన్ని పీల్చేస్తుంది. 2012లో బోయింగ్ ఇంజనీర్లు విమానంలో వై-ఫై పరీక్షించడానికి ప్రయాణికులకి బదులు తొమ్మిది వేల కిలోల బంగాళదుంపల బస్తాలు సీట్లలో కూర్చోబెట్టారు. ఖాళీ హాల్లో సర్వే చేసి సంతకం పెట్టే వాళ్లు ఈ బస్తాలను గుర్తుంచుకోవాలి.

గోడకు చెవులుంటాయంటారు. వై-ఫైకి గోడే లేదు. 1990ల నాటి వెప్ అనే తాళం విధానం బలహీనమని 2001లోనే తేలిపోయింది. అయినా దాన్నే నమ్ముకున్న అమెరికా దుకాణాల సంస్థ టీజేఎక్స్‌లోకి 2005లో దొంగలు దుకాణం వై-ఫై గుండా దూరారు. నాలుగున్నర కోట్లకు పైగా కార్డుల వివరాలు పోయాయని 2007లో బయటపడింది. ఆ దొంగతనానికి ముందే వెప్ స్థానంలో డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2017లో మాతీ వాన్‌హోఫ్ అనే పరిశోధకుడు దానిలోనూ క్రాక్ అనే లోపం చూపాక, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

తాళం ఎంత గట్టిదైనా మూడు వేల మందికి ఒకే పాస్‌వర్డ్ ఇస్తే అది తాళమే కాదు. ఒకరు ఉద్యోగం మానేస్తే మూడు వేల ఫోన్లలో మార్చాలి, కాబట్టి ఎవరూ మార్చరు. మనిషికో గుర్తింపు, పరికరానికో సర్టిఫికెట్ ఇచ్చే 802.1ఎక్స్ పద్ధతి పెట్టుకోక తప్పదు. అతిథుల ఫోన్లు ఒక దారి, సీసీ కెమెరాలు ఒక దారి, లారీలు తూచే కాటా ఇంకో దారి. ఇంత చేశాక కూడా ఎవరో సిగ్నల్ అందడం లేదని బజార్లో కొన్న రౌటర్ తెచ్చి టేబుల్ కింద గోడ సాకెట్‌లో పెడతారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఈ దొంగను పట్టవచ్చు: తమ పేరు కాని ప్రసారాలను యాక్సెస్ పాయింట్లే విని చెబుతాయి. ఆ ఉద్యోగిని తిట్టడం కంటే, అక్కడ సిగ్నల్ ఎందుకు అందలేదో చూడటం నా దృష్టిలో సరైన పని.

ఇక మరమ్మతు. ఒక కర్మాగారం క్యాంటీన్లో రోజూ మధ్యాహ్నం రెండు దాటగానే నెట్ ఆగిపోయేది. గీతలు నిండుగా ఉండేవి. నెల రోజులు యాంటెన్నాలు మార్చారు. లోపం గాలిలో లేదు. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి ఫోనుకీ ఒక చిరునామా కావాలి. అక్కడ ఇవ్వగలిగినవి 254. పొద్దున షిఫ్టు ఫోన్లు వాటిలో అధిక భాగం తీసుకునేవి. మనిషి ఇంటికెళ్లినా చిరునామా 24 గంటలు అతని పేరు మీదే. రెండింటికి వచ్చిన షిఫ్టుకి మిగిలేవి కొన్నే. గడువును రెండు గంటలకి తగ్గించి, చిరునామాలను నాలుగింతలు చేశారు. ఒక్క యాంటెన్నా కదపకుండానే సమస్య పోయింది.

ఆ నెల రోజుల్లో వచ్చిన ఫిర్యాదులన్నిట్లో ఒకే మాట: "వై-ఫై రావడం లేదు." ఒక్కరైనా ఎన్ని గంటలకో రాసి ఉంటే మొదటి వారంలోనే దొరికేది. మీ ఆఫీసులోనో కర్మాగారంలోనో ఈసారి ఫిర్యాదు రాసేటప్పుడు దయచేసి నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఏ చోట, ఏ ఫోన్లో, మీ ఒక్కరికేనా లేక పక్కవాళ్లకూనా.