ఉక్కు సాధించిన తరం, చేజారిన శాసనసభ

విశాఖ ఉక్కు కర్మాగార చరిత్రలో ఆంధ్ర కమ్యూనిస్టుల ఎదుగుదల, పతనం రెండూ కలిసే ఉన్నాయి. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారం కోరుతూ టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చోగా, తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు అన్ని పక్షాలనూ కూడగట్టగా, నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయిన ఆ ఉద్యమంలో వామపక్ష శాసనసభ్యులు పదవులకు రాజీనామా చేశారు.

అయితే వారు వదులుకున్న స్థానాల్లో చాలావరకు మళ్లీ వారికి దక్కలేదు. 1962లో ఒక్క పార్టీగా 51 స్థానాలు గెలిచినవారు, 1964 చీలిక తర్వాత 1967లో సీపీఐకి 11, సీపీఎంకు 9 స్థానాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. విశాఖ లోక్‌సభ స్థానాన్ని స్వతంత్ర అభ్యర్థిగా తెన్నేటి గెలుచుకున్నారు. ప్రజల ఆకాంక్షను భుజానికెత్తుకున్నవారికి ఓట్లు రాలకపోవడానికి ఉద్యమంలోని లోపం కన్నా పార్టీ చీలికే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

ఆ తరం కమ్యూనిస్టుల్లో తరిమెల నాగిరెడ్డి జీవితం అన్నిటికంటే తీవ్రమైనది. అనంతపురం జిల్లాలోని సంపన్న భూస్వామి కుటుంబంలో 1917లో పుట్టిన ఆయన, 1952 ఎన్నికల్లో తన బావ నీలం సంజీవరెడ్డినే ఓడించి మద్రాసు శాసనసభలో అడుగుపెట్టారు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు దాదాపు 31 శాతం ఓట్లు సాధించి కూడా 196 స్థానాల్లో 15కే పరిమితమైనప్పటికీ ఆయన ప్రతిష్ఠ తగ్గలేదు. 1957లో లోక్‌సభకు, తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆయనను పడగొట్టింది ఓటరు కాదు. 1968లో దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డిలతో కలిసి సీపీఎం నుంచి విడిపోయి విప్లవకారుల సమన్వయ కమిటీని ఏర్పరిచారు. 1969 మార్చిలో శాసనసభ్యత్వాన్నీ వదిలేశారు. విశాఖకు ఉత్తరాన శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం రగులుతున్న రోజులవి. ప్రజాసమీకరణ లేని దాడులతో వర్గశత్రువులను హతమార్చాలన్న పంథాను, అంటే నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ మార్గాన్ని, నాగిరెడ్డి అంగీకరించలేదు. దానితో అటు శాసనసభకూ, ఇటు సాయుధ పోరాటపు ప్రధాన ప్రవాహానికీ వెలుపల మిగిలారు. అంతటి సూటిదనమున్న మనిషి సభలో ఉండి ఉంటే పేదల పక్షాన ఎంత గట్టి గొంతు నిలిచేదో అన్న బాధ కలగకమానదు. తనపై నడిచిన కుట్ర కేసులో న్యాయస్థానానికి ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' గ్రంథమైంది. దేశ ఆర్థిక వ్యవస్థ విదేశీ పెట్టుబడి గుప్పిట్లో చిక్కిందన్నది అందులోని ప్రధాన వాదం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 జూలై 28న, అజ్ఞాతంలో ఉండగానే ఆయన మరణించారు.

ఇక ఆ తరం పోరాడి సాధించిన కర్మాగారం విషయానికొస్తే, 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరా గాంధీ ప్రకటించిన విశాఖ ఉక్కు, సోవియట్ సాంకేతిక సహకారంతో నిర్మితమై 1992లో జాతికి అంకితమైంది. సొంత ఇనుప గనులు లేని ఆ సంస్థలో నూటికి నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు, అంటే ప్రభుత్వ వాటాను పూర్తిగా అమ్మివేయడానికి, 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని ఎదిరిస్తూ కార్మికులు చేపట్టిన పోరాటంలో వామపక్ష సంఘాలు ముందువరుసలో నిలిచాయి. ఆ పోరాటం సాగుతున్న కాలంలో, 2019లోనూ 2024లోనూ ఎన్నికైన రాష్ట్ర శాసనసభల్లో, కమ్యూనిస్టు పార్టీలకు ఒక్క స్థానం కూడా లేదు.