కంప్యూటర్ భాషకో సదస్సు: పిల్లల్ని పంపాలా?

ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయో అమ్మాయో వచ్చి "పైథాన్ సదస్సుకు వెళతాను" అని అడిగినప్పుడు చాలా ఇళ్లలో తల్లిదండ్రులు తటపటాయిస్తారు. అది పరీక్ష కాదు, ఉద్యోగ మేళా కాదు, చేతికి పట్టా ఇచ్చే శిక్షణా కాదు. అక్కడి ప్రసంగాల వీడియోలు చాలావరకు తర్వాత ఇంటర్నెట్‌లో ఉచితంగానే లభిస్తాయి. అలాంటప్పుడు రైలు ఖర్చులు, బస ఖర్చులు భరించి అంత దూరం పంపడం ఎందుకన్న ప్రశ్న సమంజసమైనదే. సమాధానం దొరకాలంటే ముందు ఆ సభ స్వరూపం తెలియాలి.

పైథాన్ అనేది కంప్యూటర్‌కు ఆదేశాలు రాసే భాషల్లో ఒకటి. నెదర్లాండ్స్ దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక గణిత, కంప్యూటర్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న కాలంలో దీనిని రూపొందించి, 1991లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. పేరు వినగానే కొండచిలువ గుర్తుకొచ్చినా, ఆయన ఆ పేరు తీసుకున్నది ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుండి. ఈ భాషను వాడుకోవడానికి రుసుము లేదు. దాని లోపలి నిర్మాణాన్ని ఎవరైనా చదవవచ్చు, లోపాలు ఎత్తిచూపవచ్చు, సవరణలు ప్రతిపాదించవచ్చు. చాలాకాలం తుది నిర్ణయం గీడోదే. 2018లో ఆయన ఆ బాధ్యత నుండి తప్పుకున్న తర్వాత, 2019 నుండి ఎన్నికైన ఐదుగురు సభ్యుల మండలి ఆ పని నిర్వహిస్తున్నది.

1994లో అమెరికాలో జరిగిన తొలి పైథాన్ సమావేశానికి హాజరైనవారు సుమారు ఇరవై మందే. 2003లో వాషింగ్టన్ నగరంలో 'పైకాన్' పేరుతో తొలి సదస్సు జరిగింది. మన దేశంలో 'పైకాన్ ఇండియా' 2009లో బెంగళూరులో ఆరంభమైంది. 2018లోనూ, 2023లోనూ హైదరాబాదు దానికి వేదికైంది. నిర్వహణ భారమంతా ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలే మోస్తారు.

సదస్సుకు ముందే ప్రసంగ ప్రతిపాదనలను బహిరంగంగా ఆహ్వానిస్తారు. పేరు ప్రతిష్ఠలున్నవారే కాక, విద్యార్థులు కూడా తమ అంశాన్ని పంపవచ్చు. ప్రధాన ప్రసంగాలతోపాటు చేతితో చేయించి నేర్పే తరగతులు ఉంటాయి. ఐదు నిమిషాల చిన్న ప్రసంగాలకు అక్కడికక్కడే పేరు ఇచ్చుకోవచ్చు. వేదిక మీద నోరు విప్పని పిల్లలకు ఇది మంచి ఆరంభం.

అయితే అనుభవజ్ఞులు ఎక్కువ విలువ ఇచ్చేది వరండాలలో జరిగే సంభాషణలకే. అక్కడ 'ప్యాక్‌మన్ నియమం' అనే మర్యాద ఒకటుంది. నలుగురు వలయంగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు మరొకరు వచ్చి చేరేందుకు వీలుగా కొంత ఖాళీ విడిచిపెట్టాలి. నోరు తెరిచిన ఆ వీడియో గేమ్ బొమ్మ ఆకారమే ఆ పేరుకు కారణం. మజ్లిస్‌లో వచ్చినవారికి జరిగి చోటివ్వడం మన ఇళ్లకు కొత్త కాదు గనుక మన పిల్లలకు ఈ మర్యాద సులభంగానే అర్థమవుతుంది.

ప్రసంగాలకు తోడు 'స్ప్రింట్' అనే కార్యక్రమం కూడా ఉంటుంది. ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఏదో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని కలిసి సరిచేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించేవారే పక్కన ఉండి దారి చూపుతారు. కొత్తవారు వివరణ పత్రాలలోని ఒక తప్పును సవరించినా అది లెక్కలోకి వస్తుంది. ఆ సవరణ వారి పేరుతో బహిరంగంగా నమోదవుతుంది. రేపు ఉద్యోగం కోసం వెళ్లినచోట చూపించడానికి అది నిజమైన పని. వీడియో చూసినంత మాత్రాన ఈ లాభం సమకూరదు. చిన్న ఊరి కళాశాలలో ఒంటరిగా తెర ముందు నేర్చుకున్న పిల్లవాడికి, తన సందేహాన్ని తీర్చగలవారి పక్కన కూర్చోవడమే పెద్ద మేలు.

ఆడపిల్లల విషయంలో ఆందోళన సహజం. ఈ సదస్సులకు లిఖిత ప్రవర్తనా నియమావళి ఉంటుంది. ఎవరైనా ఇబ్బంది పెడితే ఫిర్యాదు స్వీకరించేందుకు బాధ్యులను నియమిస్తారు. మహిళా ప్రోగ్రామర్ల కోసం 2011లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన 'పైలేడీస్' బృందం శాఖలు నేడు అనేక దేశాలలో ఉన్నాయి. నియమావళిని, ఫిర్యాదు చేసే విధానాన్ని తల్లిదండ్రులు ముందే చదవాలి. బస ఎక్కడో, తోడుగా ఎవరు వెళుతున్నారో తెలుసుకోవాలి. జుహ్ర్, అస్ర్ నమాజులకు స్థలం దొరుకుతుందేమో, భోజనంలో ఏమి పెడతారో నిర్వాహకులను ముందుగా అడగడానికి సంకోచించనక్కరలేదు. ఆర్థిక సహాయం ఇచ్చే సదస్సులు కూడా ఉన్నాయి. దరఖాస్తు గడువు చాలా ముందే ముగుస్తుంది గనుక ఆలస్యం చేయకూడదు.

దూరప్రయాణం వీలుకాకపోతే, దగ్గరి నగరంలో జరిగే స్థానిక బృంద సమావేశంతో మొదలుపెట్టవచ్చు. ఖర్చు తక్కువ, సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు.

వెళ్లే ముందు ఒక్క పని చేయించండి. ప్రస్తుతం తనకు అంతుచిక్కని మూడు సందేహాలను కాగితం మీద రాసుకొమ్మని చెప్పండి. తిరిగి వచ్చిన తర్వాత ఆ కాగితాన్ని ముందుంచి, ఏ సందేహం తీరింది, ఎవరు తీర్చారు, వారితో కలిసి ఏ పని మొదలుపెట్టావు అని అడగండి. ఖర్చుకు తగిన ఫలితం దక్కిందో లేదో ఆ జవాబులే చెబుతాయి.