ఇంటి దూలానికి సాల కలప

బరంపురంలో మా తాతగారు 1937లో కట్టించిన పెంకుటింటిని 2019లో విప్పించవలసి వచ్చింది. గోడలు చెమ్మ పీల్చి ఒరిగినాయి. అన్నదమ్ముల వాటాలు కూడా తేలవలసి ఉన్నది. పెంకులు దింపిన మరునాడు పాత కలప కొనే వ్యాపారి ఒకాయన వచ్చి దూలాలను చూసి, "మసిబారిపోయినాయండీ, పగుళ్ళు కూడా ఉన్నాయి. వంటచెరకు ధరకైతే తీసుకుంటాను" అన్నాడు. నేను సరేననబోయాను. ఇంతలో అక్కడే ఉన్న ముసలి వడ్రంగి బాడిసతో ఒక దూలాన్ని రవంత చెక్కి చూపించాడు. మసి కింద ఎర్రని గోధుమరంగు చేవ తళుక్కుమన్నది. "బాబూ, ఇది సాల. మీ మనవల ఇంటికి కూడా పనికివస్తుంది. పొయ్యిలో పెట్టిస్తారా?" అన్నాడు.

మన కుటుంబాలలో చాలామంది ఇప్పుడు పాత ఇళ్ళు విప్పి కొత్తవి కట్టుకుంటున్నారు. కావున ఆ కలపను గూర్చి నేను తెలుసుకున్న సంగతులు పాఠకులకు మనవి చేస్తున్నాను.

సాల వృక్షం మనకు కొత్తది కాదు. రామాయణంలో శ్రీరాముడు ఒక్క బాణంతో ఛేదించినవి ఏడు సాల వృక్షాలే. పూజలో ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు కారే బంకే. అందుకే తెలుగులో దీనిని గుగ్గిలపు చెట్టు అని కూడా అంటారు. ఒడియావారు శాళ అంటారు. పెండ్లిళ్ళలో మనం భోజనం చేసే ఆకు విస్తళ్ళు కూడా ఈ ప్రాంతంలో చాలావరకు సాల ఆకులవే. హిమాలయాల పాదాల నుంచి ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల మీదుగా శ్రీకాకుళం వైపు కొండల దాకా ఈ చెట్టు పెరుగుతుంది. దీని శాస్త్రీయ నామం షోరియా రొబస్టా. 1793 నుంచి 1798 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్న సర్ జాన్ షోర్ పేరున మొదటి మాట వచ్చింది. ఆ పేరు పెట్టిన రాక్స్‌బర్గ్ దొర అంతకు పూర్వం మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మొక్కలను పరిశీలించినవాడే. రొబస్టా అనగా బలిష్ఠమైనది.

ఆ పేరు సార్థకమే. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18, 19 కిలోలు తూగితే, సాల 23 నుంచి 25 కిలోలు తూగుతుంది. బరువు మోయడంలోను, వంగకుండా నిలవడంలోను టేకును మించినది. చేవకు చెదలు త్వరగా పట్టవు. అందుకే రైలు పట్టాల కింద స్లీపర్లుగా ఏ మందూ పట్టించకుండానే వేసేవారు. కాంక్రీటు స్లీపర్లు వచ్చిన తరువాత ఆ వాడుక తగ్గిపోయింది. "చేవగల మనిషి" అని మనం అనే మాట కర్ర నుంచి వచ్చినదే గదా!

అయితే గుణమంతా చేవలోనే ఉన్నది. చేవ చుట్టూ ఉండే తెల్లని పైచెక్కకు ఆ శక్తి లేదు. అది చెదలకు, పుచ్చుకు లొంగిపోతుంది. కోత మిల్లులో ఆ తెలుపు మిగలకుండా కోయించుకోవాలి.

సాలకు మరొక లోపం, ఆరడానికి మొరాయించడం. పోగులు ఒకదానికొకటి ఎదురుగా అల్లుకొని ఉంటాయి. తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది, మెలితిరుగుతుంది. ఈ పాఠం నేను డబ్బిచ్చి నేర్చుకున్నాను. 2011లో పెరటి గదికి కొత్త సాలతో ద్వారబంధాలు చేయించాను. అడితివారు ఆరిన కర్రేనన్నారు, నేను నమ్మినాను. మరుసటి వేసవికి బంధం మెలితిరిగి తలుపు పట్టకుండాపోయింది. కొత్త సాల కొనేవారు కోయించిన చెక్కలను నీడలో, గాలి ఆడేచోట, మధ్య సన్నని బద్దలు పెట్టి పేర్చి, కొసలకు తారు పూసి ఉంచాలి. మందమైన చెక్కకు ఏడాది పైనే పడుతుంది.

కనుక దేని చోటు దానిదే. దూలాలు, వాసాలు, స్తంభాలు, గడపలు సాలతో చేయించండి. తలుపు రెక్కలు, కిటికీలు, బీరువాలు టేకుకు వదలండి. టేకు తక్కువగా ముడుచుకుంటుంది, చిత్రికకు సులభంగా లొంగుతుంది. సాల మీద ఉలి త్వరగా మొద్దుబారుతుంది. ముందుగా బెజ్జం వేయకపోతే మేకు వంగిపోతుంది.

ఇక పాత దూలాల సంగతి. ఎనభై ఏళ్ళు ఆరిన కర్ర ఇక మెలితిరగదు. కొత్త సాలకు లేని గొప్ప సుగుణం ఇదే. అమ్మే ముందు ఈ నాలుగు పరీక్షలు చేయించండి. మొదటిది, మసిని చెక్కి రంగు చూడాలి. రెండవది, సుత్తితో కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది, బొద్దుగా పలికితే లోపల డొల్ల. మూడవది, గోడలో దూరి ఉన్న కొసలను ఉలితో పొడిచి చూడాలి. చెమ్మ తగిలేది అక్కడే కనుక పుచ్చు అక్కడే మొదలవుతుంది. నాలుగవది, పగుళ్ళు చూడాలి. నిడివి వెంట ఉన్న సన్నని పగుళ్ళకు భయపడనక్కరలేదు; అడ్డంగా ఉంటే ఆ దూలాన్ని బరువుకు వాడరాదు. మిల్లుకు పంపే ముందు పాత మేకులన్నీ పీకించండి, లేకపోతే రంపం పళ్ళు విరుగుతాయి.

మా ఇంట పదకొండు దూలాలలో రెండు డొల్లవి, నాలుగింటికి కొసలు కోయవలసి వచ్చింది, అయిదు మచ్చలేనివి. అమ్మి డబ్బు పంచుకుందామని పట్టుపట్టిన మా తమ్ముడే, చెక్కిన దూలం రంగు చూసి మెత్తబడినాడు. కొసలు కోసినవి వాడు తన ఇంటికి తీసుకున్నాడు. మంచివి అయిదూ ఇప్పుడు మా వసారాను మోస్తున్నాయి. మసి తీసేయించాను గాని, తాతగారి ఉయ్యాల గొలుసులు ఒరిసిన గాడి ఒక దూలం మీద ఉన్నది. దానిని మాత్రం చిత్రిక పట్టనివ్వలేదు.

ఇల్లు విప్పించే పాఠకులారా, బేరమాడే ముందు ఒక్కసారి వడ్రంగిని పిలిపించండి.