చూసి నేర్చుకునే డబ్బా

సికింద్రాబాద్ సీటీసీలో ఏ కంప్యూటర్ షాపు మెట్లెక్కినా ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది. అరచేతిలో ఇమిడే డబ్బా. ఫ్యాన్ ఉండదు, మీట ఉండదు, ఏ సెట్టింగూ అక్కర్లేదు. కరెంటు ఇచ్చి వైర్లు గుచ్చితే చాలు, పని మొదలు పెడుతుంది. అదే షాపులో అంతే ధరకు రౌటర్ కూడా ఉంటుంది. చిన్న వ్యాపారి రెండింటినీ ఒకే కవర్లో వేయించుకుని వెళ్తాడు. ఈ రెండు యంత్రాల పుట్టుక వేరు, పెరిగిన తీరు వేరు. చవక ఎక్కడ కలిసొస్తుందో, ఎక్కడ ముంచుతుందో వాటి చరిత్రలోనే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్విచ్ వేగం దగ్గర డబ్బు మిగుల్చుకోండి, రౌటర్ దగ్గర మాత్రం వద్దు.

స్విచ్ కథ ఒక లావుపాటి కేబుల్‌తో మొదలైంది. 1973 మే 22న, కాలిఫోర్నియాలో జిరాక్స్ సంస్థ నడిపే పార్క్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశారు. కంప్యూటర్లన్నిటినీ ఒకే కేబుల్‌కు తగిలించి, డేటాను ముక్కలుగా పంపుకోవచ్చన్నది అందులోని ప్రతిపాదన. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన దాన్ని కట్టి చూపించారు. వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. మధ్యలో పెత్తనం చేసే యంత్రమే లేదు. పంపదలచుకున్న కంప్యూటర్ ముందు కేబుల్ ఖాళీగా ఉందో లేదో వింటుంది, ఖాళీగా ఉంటే పంపుతుంది. రెండు కంప్యూటర్లు ఒకేసారి పంపి సంకేతాలు గుద్దుకుంటే రెండూ ఆగి, ఒక్కొక్కటి ఎంతో కొంత సేపు వేచి ఉండి మళ్లీ ప్రయత్నిస్తాయి. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో దీవుల మధ్య నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్ దీనికి ప్రేరణ. ఇదే ఈథర్‌నెట్. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి దీన్ని 10 మెగాబిట్ల ప్రమాణంగా ప్రకటించాయి.

కేబుల్ అందరిదీ కావడమే చిక్కయింది. పది కంప్యూటర్లున్నప్పుడు సాఫీగా నడిచిన నెట్‌వర్క్, వందయ్యేసరికి గుద్దుకోవడాలతోనే సరిపోయేది. పైగా ఎవరు ఎవరికి పంపినా అందరి చెవినా పడేది. తర్వాత 1990 నాటికి సన్నని మెలితిప్పిన వైర్లు, మధ్యలో హబ్ అనే డబ్బా వచ్చాయి. వైరింగ్ సులువైంది గానీ, హబ్ కూడా ఒక పోర్టులో విన్నది మిగతా పోర్టులన్నిటికీ అప్పజెప్పేదే.

అసలైన మలుపు అంతకు ముందే, 1980ల మొదటి సంవత్సరాల్లో డెక్ సంస్థలో వచ్చింది. అక్కడి ఇంజనీరు మార్క్ కెంఫ్ రెండు కేబుళ్ల మధ్య ఉంచే ఒక పెట్టెను ఊహించారు. ఈథర్‌నెట్‌లో ప్రయాణించే ప్రతి డేటా ముక్క తల మీద రెండు అడ్రసులుంటాయి, ఒక్కొక్కటి 48 బిట్లు: ఎవరికి, ఎవరి నుంచి. చేర్చాల్సిన యంత్రం చూడాల్సింది ‘ఎవరికి’ అన్నదాన్నే అనుకుంటాం. కెంఫ్ పెట్టె ‘ఎవరి నుంచి’ అన్నదాన్ని కూడా చదువుతుంది. హాస్టల్లో కొత్తగా చేరిన వాచ్‌మన్ ఎవరినీ అడగకుండానే, ఎవరు ఏ గదిలోంచి బయటికొస్తున్నారో నాలుగు రోజులు చూసి, తర్వాత వచ్చిన కబురును సరైన తలుపు దగ్గరికే చేరుస్తాడు. ఈ పెట్టె చేసేదీ అదే. ఫలానా అడ్రసు నుంచి డేటా ఫలానా పోర్టులోంచి వచ్చిందంటే ఆ యంత్రం ఆ వైపున ఉందన్నమాట. ఆ సంగతి పట్టికలో రాసుకుంటుంది. ఇంకా తెలియని అడ్రసుకు డేటా వస్తే అన్ని పోర్టులకూ పంపుతుంది. జవాబు వచ్చినప్పుడు ఆ అడ్రసు కూడా తెలిసిపోతుంది. మామూలుగా ఐదు నిమిషాల పాటు ఒక అడ్రసు అలికిడి లేకపోతే దాన్ని పట్టికలోంచి కొట్టేస్తుంది. అందుకే కంప్యూటర్‌ను ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు మార్చినా ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఇంత తక్కువ యంత్రాంగంతో ఇంత పెద్ద ఇబ్బందిని తీర్చిన ఆలోచనలు ఇంజనీరింగ్‌లో అరుదు. 1986లో డెక్ దీన్ని లాన్‌బ్రిడ్జ్ 100 పేరుతో అమ్మకానికి పెట్టింది.

ఈ పెట్టెకు ఒక బలహీనత ఉంది. రెండు పెట్టెల మధ్య పొరపాటున రెండు వైర్లు కలిపితే చక్రం ఏర్పడుతుంది. అందరికీ ఉద్దేశించిన డేటా ముక్క ఒకటి అందులో పడితే అది తిరుగుతూ, తిరిగినప్పుడల్లా నకళ్లు పుట్టిస్తూ క్షణాల్లో నెట్‌వర్క్‌ను నింపేస్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది, రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి సున్నా దగ్గర చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ముక్కకు ఆ లెక్క లేదు. దీనికి మందు కనిపెట్టింది డెక్‌లోనే పనిచేసిన రేడియా పెర్ల్‌మన్. పెట్టెలు తమలో తాము చిన్న సందేశాలు పంపుకుని, ఒకదాన్ని మొదలుగా ఎంచుకుని, చక్రం చేసే దారులను తమంతట తామే మూసేసే పద్ధతి అది. పేరు స్పానింగ్ ట్రీ. పని అప్పజెప్పిన పై అధికారి వారం రోజులు సెలవు మీద వెళ్లారని, తనకు ఆ రాత్రే పరిష్కారం తట్టిందని, రాయడం తొందరగా అయిపోవడంతో మిగిలిన వారం దాని మీద ఒక పద్యం రాశానని ఆమె తర్వాత చెప్పారు. 1985లో ప్రచురితమైన ఆ పద్ధతి వారసులు నేటికీ ఆఫీసుల్లో, డేటా సెంటర్లలో నడుస్తున్నాయి.

రెండు పోర్టుల పెట్టెను బహుపోర్టుల స్విచ్‌గా మార్చింది సిలికాన్ వ్యాలీలోని ఒక చిన్న కంపెనీ. వ్యవస్థాపకుల్లో ఒకరైన భారతీయుడు వినోద్ భరద్వాజ్ భార్య పేరు మీద దానికి ‘కల్పన’ అని పేరు పెట్టారు. 1990 ప్రాంతంలో ఏడు పోర్టులతో వచ్చిన వాళ్ల ఈథర్‌స్విచ్ ప్రతి పోర్టుకూ విడిగా పూర్తి 10 మెగాబిట్లు ఇచ్చింది. డేటా ముక్క మొత్తం వచ్చేదాకా ఆగకుండా, చేరాల్సిన అడ్రసు చదవగానే ముందుకు పంపడం మొదలుపెట్టేది. 1994లో సిస్కో ఆ కంపెనీని 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది.

ఆ తర్వాత ధర ఎందుకు పడిపోయిందంటే, చేయాల్సిన పని మారలేదు గనుక. అడ్రసు చదువు, పట్టికలో వెతుకు, ఆ పోర్టుకు తోయి. మారని పనిని సిలికాన్‌లో చెక్కేయవచ్చు. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్, మార్వెల్ వంటి కంపెనీలు మొత్తం స్విచ్‌ను ఒక చిప్‌లోకి దించేశాయి. వేర్వేరు బ్రాండ్ల డబ్బాలు విప్పి చూస్తే లోపల తరచూ ఈ కొద్ది కంపెనీల చిప్పులే ఉంటాయి. గిగాబిట్ పోర్టులో అతి చిన్న డేటా ముక్కలు సెకనుకు దాదాపు 14.88 లక్షలు పడతాయి. ఎనిమిది పోర్టులకు 1.19 కోట్లు. రెండు వేల లోపు డబ్బా వివరాల పట్టికలో కూడా ఈ అంకే కనిపిస్తుంది, అంటే దానికిక పెరగాల్సిన వేగం లేదు. వేగం కోసం ఖరీదైన స్విచ్ కొనడం ఒక చిన్న ఆఫీసుకు దండగ.

వేర్వేరు నెట్‌వర్కులను కలిపే రౌటర్ అలా కాదు. దాని పూర్వీకుడు ఐఎంపీ, 400 కిలోల పైబడిన యంత్రం. 1969 ఆగస్టు చివర లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయానికి చేరింది. అందులో ఉన్నది హనీవెల్ మినీకంప్యూటర్, దాని మీద నడిచే ప్రోగ్రాం. 1980ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో బిల్ యేగర్ రకరకాల నెట్‌వర్కుల మధ్య డేటా నడిపే సాఫ్ట్‌వేర్ రాశారు. 1984లో పుట్టిన సిస్కో తొలి రౌటర్లకు మూలం అదే. రౌటర్ మొదటి నుంచీ కంప్యూటరే, నేటికీ కంప్యూటరే. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఇంటి రౌటర్ లోపల లైనక్స్ నడుస్తోందని తేలాక, లైనక్స్ లైసెన్సు షరతు వల్ల దాని సోర్స్ కోడ్ బయటికి రావాల్సి వచ్చింది. దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఉన్నచోట లోపాలుంటాయి, రౌటర్ ఉన్న చోటేమో ఇంటర్నెట్‌కు ఎదురుగా. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర ప్రోగ్రాం 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లలో, అలాంటి పరికరాల్లో చొరబడింది.

కాబట్టి రౌటర్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న వేగం గురించి కాదు. కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్‌కు చివరి ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, ఎప్పుడు వచ్చిందో చూడండి. రెండు మూడేళ్లుగా ఏమీ రాకపోతే సగం ధరకిచ్చినా వద్దు. లాట్వియాకు చెందిన మైక్రోటిక్ వంటివి తక్కువ ధరలోనే సుదీర్ఘకాలం అప్‌డేట్లు ఇస్తాయి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఇక పెట్టె మీది అంకెలు. ‘ఏసీ1200’ అంటే ఒక బ్యాండులో 300, ఇంకో బ్యాండులో 867 కలిపి గుండ్రం చేసిన లెక్క. అలాంటి రౌటర్లు కొన్నిటికి వైరు పోర్టు వేగం 100 మెగాబిట్లే. 300 మెగాబిట్ల ఫైబర్ ప్లాను తీసుకున్నవాళ్లు నెలనెలా మూడింట రెండు వంతుల డబ్బు ఆ పోర్టు దగ్గర పారబోసుకున్నట్టే. వీపీఎన్ వాడే ఆఫీసైతే, అది ఆన్ చేశాక వచ్చే వేగం ఎంతో విడిగా అడగాలి. చాలాసార్లు అది ప్రకటించిన దానిలో చిన్న భాగమే ఉంటుంది.

విజయవాడలో పదిహేను మంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు ఒకటి అనుకుందాం. ట్యాలీ నడిచే సర్వర్, ప్రింటర్, హాజరు యంత్రం, ఆరు కెమెరాలు, రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు. ఇక్కడ స్విచ్ విషయంలోనూ ఒక మెట్టు పైకెక్కక తప్పదు, కాకపోతే వేగం కోసం కాదు. సెట్టింగులు లేని చవక స్విచ్‌లో కెంఫ్ ఆలోచన ఉంది, పెర్ల్‌మన్ ఆలోచన సాధారణంగా ఉండదు. బల్ల కింద వేలాడుతున్న వైరు రెండో కొసను ఎవరో మంచి మనసుతో ఖాళీ పోర్టులో గుచ్చితే జీఎస్టీ రిటర్నుల ఆఖరి రోజున ఆఫీసంతా స్తంభించిపోతుంది. వెయ్యి రూపాయలో ఇంకొంచెమో ఎక్కువ పెడితే వచ్చే స్మార్ట్ స్విచ్‌లో చక్రాన్ని పసిగట్టి ఆపే సదుపాయం ఉంటుంది. వీలాన్ కూడా ఉంటుంది: కెమెరాలను, అతిథుల వైఫైని ట్యాలీ సర్వర్‌కు కనిపించకుండా విడగొట్టవచ్చు. క్లయింట్ల ఆదాయ వివరాలున్న ఆఫీసులో ఇది విలాసం కాదు.

కెమెరాలకు కరెంటు కూడా నెట్‌వర్క్ వైరులోనే ఇచ్చే పీఓఈ స్విచ్ కొంటే, పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం వాట్లు లెక్కేయండి. కెమెరాకు 7 వాట్ల చొప్పున ఆరింటికి 42, యాక్సెస్ పాయింటుకు 12 చొప్పున రెండింటికి 24, మొత్తం 66. ఎనిమిది పీఓఈ పోర్టులుండి మొత్తం 60 వాట్లే ఇచ్చే స్విచ్ పగలు బాగానే నడుస్తుంది. చీకటి పడి కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగాక ఒకటో రెండో కెమెరాలు ఆరిపోతాయి, సరిగ్గా అవి అవసరమయ్యే వేళకు.

పెద్ద కంపెనీలు వదిలించుకున్న పాత స్విచ్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి. గట్టి సరుకే. అయితే 100 వాట్లు లాగే స్విచ్ ఏడాది పొడవునా నడిస్తే 876 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే రూ. 8,760. చప్పుడు అదనం. ల్యాబ్ పెట్టుకుని నేర్చుకునే విద్యార్థికి అవి బంగారం, పదిహేను మంది ఆఫీసుకు కాదు.

చివరగా వైరు. రాగి వైరులో గిగాబిట్ 100 మీటర్ల దాకా వెళ్తుందన్న హామీ మంచి రాగికే. బజార్లో సగం ధరకు వచ్చే కేబుల్లో తరచూ ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం ఎక్కువ కాబట్టి పీఓఈ కరెంటు వెళ్తే వేడెక్కుతుంది, దూరంలో ఉన్న కెమెరాకు చాలినంత వోల్టేజీ అందదు, వంచితే తొందరగా విరుగుతుంది. గోడల్లోకి వెళ్లిపోయాక దాన్ని మార్చాలంటే గోడే పగలగొట్టాలి. బాక్సు తీసుకునేముందు షాపులోనే ఒక పోగు బయటికి తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే తిరిగిచ్చేయండి.